ఏమీ రాలేదని చెప్పాను

ఆయన పోయి మూడు నెలలైందన్న సంగతి నాకు ఆళ్లగడ్డలో, విగ్రహాలు చెక్కే షెడ్డు ముందు తెలిసింది. నంద్యాలలో డిగ్రీ విద్యార్థులకు భూగర్భశాస్త్రం చెబుతాను. ఏటా ఒకసారి వాళ్లను అక్కడికి తీసుకెళ్లి నల్లరాయి చూపిస్తాను. ఈసారి వెళ్లినప్పుడు, నందికి చెవులు చెక్కుతున్న పనివాణ్ణి ఊరికే అడిగాను, పెద్దాయన రావడం లేదా అని.

"ఆయప్పనా? పోయి మూన్నెల్లాయ సారూ. ఊపిరాడక పాయె" అన్నాడతను, ఉలి ఆపకుండానే.

"ఎవరు సార్?" అని ఒక విద్యార్థి అడిగాడు.

"తెలిసినాయన" అన్నాను. తర్వాత రాయి పేరు చెప్పాను, వయసు చెప్పాను, అందరూ రాసుకున్నారు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాయాల్సిన చోటు ఒకటి ఉండేది, రాయాల్సిన కాలం ఒకటి ఉండేది. అప్పుడు రాయలేదు. ఇప్పుడు రాసి మంచివాణ్ణి అనిపించుకునే హక్కు నాకు లేదు.

ఆయన శిల్పి కాదు. క్వారీ నుంచి వచ్చిన బండను చదరంగా కొట్టి శిల్పి చేతికి అందించే పని ఆయనది. విగ్రహం పూర్తయ్యాక అందరూ ముందు నిలబడి మొక్కుతుంటే ఈయన వెనక్కి వెళ్లేవాడు. విగ్రహాలకు వీపు చెక్కరు, ఉలి దెబ్బలు అట్లే ఉంటాయి. వాటి మీద అరచెయ్యి ఆనించి "మొగం వాల్లది. ఈ ఎనకపక్క నాది" అనేవాడు. ఎక్కడ ఏ గుడికి వెళ్లినా విగ్రహం వీపు చూడాలని పూజారులతో తగువు పెట్టుకునేవాడట.

రాయిని కొట్టే ముందు వేలి కణుపుతో తట్టి చూసేవాడు, తలుపు తట్టినట్టు. తర్వాత చిన్న సుత్తితో ఒక దెబ్బ. చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఖంగుమంటే "బతికిన రాయి". మొద్దుగా పలికితే "సచ్చిన రాయి". సచ్చిన రాయిని తిట్టేవాడు కాదు, పక్కకు జరిపి "నీ పని అయిపాయె లే" అనేవాడు.

గాలి ఎటు వీస్తోందో చూడకుండా ఆయన ఎక్కడా నిలబడేవాడు కాదు. ఎవరైనా రాయి కోస్తుంటే మాట మధ్యలో వదిలేసి గాలికి ఎదురుగా వెళ్లిపోయేవాడు. దగ్గు వస్తే మనుషులకు వీపు తిప్పేవాడు. ఉమ్మి, దాని మీద కాలితో మట్టి కప్పేవాడు. చాదస్తం అనుకున్నాను.

నాకు ఆయన అవసరం పడింది పీహెచ్‌డీ చేసే రోజుల్లో. సుమారు నూట తొంభై కోట్ల ఏళ్ల కిందట ఇక్కడి నేల సాగింది. నానిన పిండిని రెండు చేతులా లాగితే మధ్యలో పలచబడినట్టు పలచబడి, కుంగి, పగుళ్లిచ్చింది. లోతుల్లోంచి శిలాద్రవం ఎగదన్ని కొంత పైన లావాగా పారింది, కొంత సున్నపురాతి పొరల మధ్య దూరి అక్కడే గట్టిపడింది. ఇంకా సాగి ఉంటే ఖండం రెండుగా విడిపోయేది, మధ్యలో మహాసముద్రం పుట్టేది. అట్లా జరగలేదు. ఎందుకు ఆగిపోయింది, ఆ ద్రవం ఎంత లోతు నుంచి వచ్చింది, వస్తూ వస్తూ దారిలోని పాత నేలను ఎంత కరిగించి తనలో కలుపుకుంది అనేది నా పరిశోధన. రాతిలో వెతికినా దొరకనంత తక్కువగా ఉండే మూలకాలను కొలిస్తే ఇవన్నీ తెలుస్తాయి. కాని రాయి తాజాగా ఉండాలి. వానకూ ఎండకూ మాగిన రాయి మిషన్లో తప్పుడు లెక్క చూపిస్తుంది.

మొదటి ఏడాది నేను తెచ్చిన రాళ్లన్నీ అట్లాంటివే. మా గైడు వాటిని చూసి, "ఇంటికి పునాదికి వాడుకో" అన్నారు. ఆ రోషంతో ఆళ్లగడ్డ వస్తే, రాయి సంగతి ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని షెడ్లలో అందరూ ఈయన్నే చూపించారు. రోజుకూలీకి వచ్చాడు. రెండేళ్లు నాతో కొండలెక్కాడు. ఆయన తట్టి ఇచ్చిన రాయి ఒక్కటి కూడా వృథా పోలేదు.

ఒకరోజు నడుస్తూ అడిగాడు.

"ఈ రాయి యే దోవన పైకొచ్చిందో నీ మిషన్ జెప్తాదా?"

"చెప్తాది పెద్దాయనా. దోవలో ఏమేం కలుపుకుందో గూడా చెప్తాది."

ఇంకా చాలా దూరం నడిచాక, "మనిషిది గూడా జెప్తాదా అప్పా?" అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

కడప వైపు కొండల్లో ఒక రాతినార గని, అదే ఆస్బెస్టాస్ గని, ఉందని, ఎప్పుడో మూతపడిందని, అక్కడ నల్లరాయీ సున్నపురాయీ కలిసే చోటు చక్కగా బయటపడి ఉందని ఆయనే చెప్పాడు. తీసుకుపొమ్మన్నాను. రెండు వారాలు ఏవో సాకులు చెప్పి తప్పించుకున్నాడు. చివరికి నా పోరు పడలేక ఒప్పుకున్నాడు.

గుట్ట మొదట్లోనే ఆగాడు. తువ్వాలు నీళ్లలో తడిపి ముక్కూ నోరూ చుట్టుకున్నాడు. ఇంకోటి తడిపి నాకిచ్చాడు.

"కట్టుకో అప్పా. లోపల మాట్లాడొద్దు. మాట్లాడాల్నంటే బయటికొచ్చి మాట్లాడు."

పైన నల్లరాయి, కింద తెల్లటి సున్నపురాయి. రెంటికీ నడుమ జానెడు మందాన ఆకుపచ్చటి రాయి పట్టీ, అందులో అడ్డంగా తెల్లటి గీతలు. మెగ్నీషియం ఉన్న సున్నపురాతిని శిలాద్రవం ఉడికిస్తే, నీరు తోడై పుట్టే నార అది. ఎమ్మెస్సీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి, మొదటిసారి కళ్లారా చూస్తున్నాను. కేక వేయబోయి ఆయన మాట గుర్తొచ్చి ఆగాను.

బయటికి వచ్చాక ఆయన గోటితో ఒక గీతను రేపాడు. తెల్లటి పోగులు పట్టుదారంలా విడివడ్డాయి.

"పదైదేండ్లప్పుడు వచ్చినా ఈడికి. మొగోల్లం పగలగొడ్తాంటిమి, ఆడోల్లు కూచోని నార తీస్తాండ్రి. ఇంటికి పోయేతలికి కంటిరెప్పలు గూడా తెల్లగైతాండె. మాయమ్మ కొంగు తడిపి తుడుస్తాండె." ఆ పోగులను మట్టిలో పూడ్చి మళ్లీ అన్నాడు, "మా గుంతలో పదకొండు మందిమి. మిగిలింది నేనొకన్నే. అందరికీ టీబీ అనిరి. అందరికీ టీబీనే వస్తాదా అప్పా?"

నాకు జవాబు తెలుసు. రాతినార మనిషి ఊపిరితిత్తులను ఏం చేస్తుందో భూగర్భశాస్త్రం చదివిన ఎవరికైనా తెలుసు. నేనప్పుడు సంచి మీద నెంబరు వేస్తున్నాను. నెంబరు వేయడం అయ్యాక, ఆ పచ్చరాతి పట్టీ ఫొటో కోసం మళ్లీ లోపలికి వెళ్దామన్నాను. వచ్చాడు. పట్టీ ఎంత మందముందో ఫొటోలో తెలియడానికి కొలబద్ద కావాలి. నాది ఎక్కడో పడిపోయింది. ఆయన చెయ్యి పెట్టమన్నాను. పెట్టాడు.

ఆ తర్వాత నెలకో ఏమో, పొద్దున్నే, కొండలకు దగ్గరని నేను నంద్యాలలో తీసుకున్న గది తలుపు తట్టాడు. ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. పంచె మడతలోంచి ఒక గుడ్డ సంచి తీశాడు. రాళ్లకోసం నేను కుట్టించిన సంచే. అందులో మాత్రల సీసా, మూత చుట్టూ బిగించి దారం. సంచి మీద నెంబరు వేసే చోటు ఖాళీగా ఉంది.

"దీనికీ ఒక నెంబరెయ్యి" అన్నాడు.

"ఏంది పెద్దాయనా ఇది?"

"నా లోపలిది. పాచిమొగంతో దగ్గి తీసినా. నీ మిషన్లో పెట్టు. దోవలో ఏం కలుపుకున్నెనో జెప్పనీ."

"అది రాళ్లు చూసే మిషన్ పెద్దాయనా."

"లోపలుండేది గూడా రాయే గదప్పా."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. గడప మీదే కూర్చుని అసలు సంగతి చెప్పాడు. హైవే పక్కన రాతిపొడి మిల్లు ఒకటి కొత్తగా పెట్టారు. బలపం రాయితో పాటు ఆ పాత గని ముందున్న గుట్టల్లోని రాయి కూడా లారీల్లో తెచ్చి పొడి చేస్తున్నారు. ఆయన కూతురు అక్కడికి పనికి పోతానంటోంది.

"నాకోసరం గాదప్పా. నాదెట్లా అయిపాయె. పోవద్దంటే ఆయమ్మి రుజువేందంటాది. మా నాయనకు అన్నీ అనుమానాలే అంటాది. నువ్వు సదువుకున్నోనివి. నీ మాటయితే యింటాది."

సీసా తీసుకున్నాను. ఆయన కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు, పని పోతుందని.

మా గైడుకు ఫోన్ చేశాను. "మనం డాక్టర్లం కాదు కదయ్యా. గని సంగతి కెలికితే రేపు ఆ కొండ ఎక్కనిస్తారా? నీ థీసిస్ ఏం కావాలి?" అన్నారు. ఆయన అన్నది అంతే. నెపం ఆయన మీదికి తోసేయాలని ఎన్నేళ్లు ప్రయత్నించానో నాకు తెలుసు. ఆ సీసాను ప్రభుత్వాసుపత్రికి పట్టుకెళ్లి, ఈయన రాతినార గనిలో పనిచేశాడు, కాస్త చూడండి అని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆసుపత్రి నా గది నుంచి నడిచిపోయేంత దూరం. నాలుగు రోజులు కిటికీలో పెట్టుకున్నాను. ఐదో రోజు చేతికి కాగితం చుట్టుకుని తీసుకెళ్లి మురుగు కాలువలో పడేశాను. సంచిని మాత్రం ఉతికి దాచుకున్నాను. మంచి సంచి.

ఆయన ఫోన్ చేశాడు. ఇంకా రాలేదన్నాను. మళ్లీ చేశాడు. అదే మాట. మూడోసారి చేసినప్పుడు నేను బస్సు ఎక్కే తొందరలో ఉన్నాను.

"ఏమీ రాలేదు పెద్దాయనా" అన్నాను.

"ఏమీ రాలేదా?"

"రాలేదు."

"మంచిది లే అప్పా. నేనే ఊరికే బయపడినట్టుండాది" అన్నాడు. ఆ గొంతులో అంత సంతోషం నేను ముందెప్పుడూ వినలేదు. విన్నాక నిజం చెప్పడం ఇంకా కష్టమైంది. కొన్నాళ్లకు కష్టం కూడా పోయింది, మరిచిపోయాను.

నా వ్యాసం అచ్చయింది. ఒక కాపీ తీసుకెళ్లి ఇచ్చాను. అన్నం తింటున్నవాడు చెయ్యి కడుక్కొచ్చి, తుడుచుకుని, పుటలు తిప్పాడు. ఫొటో దగ్గర ఆగాడు. నల్లరాయి, పచ్చరాయి, వాటి మీద ఆయన చెయ్యి.

"నా మాట రాసినావా దీంట్లో?"

"రాసినా" అన్నాను.

అందులో ఉన్నది ఒకే వాక్యం, రెండు రాళ్లు కలిసే చోట నారలాంటి ఖనిజం కనిపిస్తుంది అని. ఫొటో కింద, కొలతకు మనిషి చెయ్యి అని. చివర కృతజ్ఞతల్లో మా గైడు ఉన్నారు, ప్రయోగశాల ఉంది, జీపు డ్రైవరు పేరు కూడా ఉంది. ఈయన లేడు. మరిచిపోయి కాదు. పేరు రాస్తే ఎవరీయన, ఆ గనితో ఏం సంబంధం అని ఎవరైనా అడుగుతారేమోనని. అడిగేవాళ్లు ఎవరూ లేరని ఇప్పుడు తెలుసు. అలాంటి వ్యాసాలు లోకమంతా కలిపి కొద్దిమంది చదువుతారు. వాళ్లు చూసేది మూలకాల పట్టిక.

ఆ వ్యాసం పుణ్యాన డాక్టరేట్ వచ్చింది. దాని పుణ్యాన ఉద్యోగం.

షెడ్డు దగ్గర వార్త విన్న రోజు మధ్యాహ్నం, విద్యార్థులను ఇంకో లెక్చరర్‌తో బస్సులో పంపేసి, రుద్రవరం దారిలో ఉన్న వాళ్ల ఊరికి ఆటోలో వెళ్లాను. పలకరించి రావాలనే వెళ్లాను, అంతకు మించి ఏమీ అనుకోలేదు. కూతురు ఇంటి ముందు తొట్టి దగ్గర మొహం కడుక్కుంటోంది. అప్పుడే పని నుంచి వచ్చింది. తల ఎత్తి నన్ను చూసింది. నీళ్లు కారుతున్న మొహంలో కనుబొమలూ రెప్పలూ ఇంకా తెల్లగా ఉన్నాయి.

"నంద్యాల సారు గదా? రా సారూ, కూచో." మంచం వాల్చింది. గూట్లోంచి ఆ వ్యాసం తెచ్చి చూపించింది, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంది. "ఇది మా నాయన చెయ్యి. చూపుడువేలు వంకర జూడు, సుత్తి దెబ్బ. ఇంటికొచ్చినోల్లకంతా చూపిస్తాండె."

"ఆసుపత్రిలో ఏమన్నారమ్మా?"

"కర్నూలుకు తోల్కపోతిమి. యేం పని జేసినాడని పెద్ద డాక్టరు అడిగె. మా నాయన ఈ కాగితాలు ఇచ్చె. ఆయప్ప చదివి, ఇది రాయి గురించి పెద్దాయనా, మనిషి గురించి యాడుంది అనె. ఆడుంది సూడు సారూ, మా సారు రాసినాడు అని మా నాయన. లేదని ఆయప్ప." ఆమె కవరు మళ్లీ మూసింది. "నాకైతే అర్తం గాలే. నువ్వు పరీచ్చ జేపిస్తే ఏమీ రాలేదంటివి గదా, మరి ఇదంతా యాడ్నుంచి వచ్చె సారూ? నువ్వు అట్ల జెప్పినంకనే మా నాయన నన్ను మిల్లుకు పోనిచ్చె. ముందు ససేమిరా అనె."

అబద్ధం చెప్పడానికి అప్పటికీ వీలుంది. మిషన్ తప్పు చూపించిందనొచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా. కాని ఆమె కొంగుతో రెప్పలు తుడుచుకుంటోంది, తెల్లటి పొడి కొంగుకు అంటుకుంటోంది.

"ఆ పరీక్ష నేను చేయించలేదమ్మా. సీసా పారేసినా. ఊరికే చెప్పినా, ఏమీ రాలేదని."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. వీధిలోకి వెళ్లి నలుగురైదుగురు ఆడవాళ్లను పిలుచుకొచ్చింది. అందరూ మిల్లులో పనిచేసేవాళ్లే.

"నాకు జెప్పింది మల్లా జెప్పు. వీల్లకు గూడా" అంది.

చెప్పాను. ఆ రాయి ఏమిటో, ఆ పొడి లోపలికి వెళ్లి ఏం చేస్తుందో, ఆ గుంతలోని మనుషులు ఎందుకు పోయారో చెప్పాను. నాకు పన్నెండేళ్లుగా తెలుసనీ చెప్పాను.

ఒకామె, అందరిలో పెద్దది, "ఇప్పుడు జెప్తాండావా అప్పా" అని మాత్రం అంది. అడిగినట్టు కూడా లేదు.

మర్నాడు మిల్లు గోడ పక్కన పేరుకున్న పొడి కాస్త తెచ్చి మా ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద పెట్టాను. పోగులు వెతకనక్కర్లేకుండానే కనిపించాయి. ఊపిరితిత్తుల డాక్టర్ని ఒకాయన్ని కలిశాను. రాతినారలో పనిచేసినవాళ్ల కఫాన్ని అనుభవం ఉన్నవాళ్లు చూస్తే, ఒక్కోసారి ఆ పోగులు ఇనుప తుప్పు రంగు పూతతో మామూలు మైక్రోస్కోప్‌లోనే కనబడతాయన్నాడు. కనబడకపోయినా లేనట్టు కాదట. మామూలు మైక్రోస్కోపులు నేను పీహెచ్‌డీ చేసిన డిపార్ట్‌మెంట్లో ఆ రోజుల్లోనే బల్లనిండా ఉండేవి. మధ్యాహ్నం వాటి పక్కనే కూర్చుని డబ్బా తెరిచి అన్నం తినేవాణ్ణి.

నా పేరుతో, సంతకంతో అధికారులకు రాశాను. వచ్చి చూశారు. మిల్లు కొన్ని వారాలు మూతపడింది. తర్వాత వేరే పేరుతో బోర్డు పెట్టి తెరిచారు, నీళ్లు చల్లే పైపు ఒకటి బిగించారు. నేను చూసినప్పుడు ఆ పైపులో నీళ్లు రావడం లేదు. మళ్లీ రాశాను. విచారణలో ఉంది అని జవాబు వచ్చింది. ఆ ఆడవాళ్లలో ఇద్దరు మానేశారు. మిగతావాళ్లు వెళ్తున్నారు. పెద్దామె వెళ్తోంది.

ఆయన కూతురు మానేసింది. పత్తి చేలకు పోతోంది. ఆమెను కర్నూలు తీసుకెళ్లి పరీక్షలు చేయించాను. ముందు రానంది, తన పిల్లల మాట చెబితే వచ్చింది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు ఎత్తి చూసి, ఇప్పటికి ఏమీ కనబడటం లేదన్నాడు. తిరిగొస్తూ నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు కోసం నిలబడ్డాం.

"ఏమీ లేదనె గదా. అంటే నాకేం కానట్టేనా?" అంది.

"ఇప్పటికి కనబడలేదమ్మా. ఇది బయటపడేదానికి ఇరవై ముప్పై ఏండ్లు పడ్తాది. ఏటా చూపించుకుంటా ఉండాల."

"అంతకాలం దినామూ దీన్నే తలుచుకుంటా బతకాల్నా?"

"అవునమ్మా" అన్నాను.

ఆమె నా వైపు పూర్తిగా తిరిగింది.

"మా నాయనకు తిట్టేది రాదు. సచ్చేదాకా మా సారు మా సారు అనె. నాకొస్తాది."

తిట్టింది. బస్టాండు మధ్యలో, గొంతు తగ్గించకుండా. నన్ను తిట్టింది, నా చదువును తిట్టింది, నన్ను కన్నవాళ్లను తిట్టింది. జనం చుట్టూ మూగారు. ఎవరో పెద్దమనిషి "ఏందమ్మా, సదువుకున్నోల్లను పట్టుకోని..." అని అడ్డం రాబోయాడు. నన్ను చూపిస్తూ "ఈయప్పనే అడుగు, ఎందుకు తిడతాండానో" అందామె. ఆయన నా వైపు చూశాడు. ఆమెను తిట్టనివ్వమన్నాను.

బస్సు వచ్చింది. ఎక్కి, కిటికీ పక్కన సీటు చూసుకుని కూర్చుని, తల బయటికి పెట్టి మిగిలిన నాలుగు మాటలూ అంది. కండక్టరు ఈల వేశాడు.